మార్జాలరావు గారు సీట్లో లేరు

కొత్తలంకపాలెం మండలంలో కట్టెల పొయ్యిల వేడిని కచ్చితంగా కొలిచే ఉద్యోగానికి ప్రభుత్వం ఒక పిల్లిని నియమించింది. నియామకంలో ఎక్కడా లోటు జరగలేదు. కంటిపరీక్షలో అభ్యర్థికి చీకట్లో కూడా చూపు ఆనుతుందని తేలింది. ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుల బల్ల మీదే ముడుచుకుని నిద్రపోయినందువల్ల, ప్రభుత్వోద్యోగానికి కావలసిన నిబ్బరం పుట్టుకతోనే వచ్చిందని సభ్యులు ఏకగ్రీవంగా రాశారు. ఒంటి రంగును బట్టి ఇంటిపేరు బూడిద అనీ, పేరు మార్జాలరావు అనీ సర్వీసు పుస్తకంలో ఎక్కించారు. హోదా మండల ఉష్ణ పరిశీలనాధికారి. జీతం పాల రూపంలో. ఆ పాలలో ఎంత పాలు ఆయన పాలవుతోందో, ఎంత పాలు దారిలో ఎవరి పాలవుతోందో అడగడం మర్యాద కాదు.

ఇది తొందరపడి తీసుకున్న నిర్ణయమూ కాదు. వంటచెరకు శాఖ మొదట గాజు థర్మామీటర్లు తెప్పించింది. పొయ్యిలో పెట్టిన ప్రతి థర్మామీటరూ ఠప్పుమని పగిలి, పాదరసం కాస్తా బూడిదలో పోసిన పన్నీరయింది. తరవాత నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే తుపాకీలు వచ్చాయి. పొయ్యికి నుదురు ఎటువైపు ఉంటుందో తెలియజేయవలసిందని కిందివాళ్ళు పైకి రాసిన ఉత్తరానికి పైవాళ్ళు కిందికి జవాబు రాయలేదు. పోనీ ఆడవాళ్ళ అరచేతిని ప్రమాణంగా తీసుకుందామంటే, అత్తగారి చెయ్యి కాలిన చోట కోడలి చెయ్యి కాలడం లేదు, కోడలి చెయ్యి కాలిన చోట అత్తగారికి చలేస్తోంది. పొయ్యి ఒకటే అయినా లెక్క ఎవరిది వాళ్ళదే అయి కూర్చుంది.

అప్పుడు శాఖ కన్ను పిల్లి మీద పడింది. పొయ్యి చల్లగా ఉంటే పిల్లి అందులో పడుకుంటుంది. గోరువెచ్చగా ఉంటే గట్టు మీద కూర్చుంటుంది. మంట వేస్తే ఎంత వేడికి అంత దూరం జరుగుతుంది. ఒక్క అంగుళం ఎక్కువ జరగదు, ఒక్క అంగుళం తక్కువ జరగదు. ఎవరి దగ్గరైనా చెయ్యి తడుపుకుని ముందుకు జరిగిందా, మీసం కాలిపోతుంది. మీసం మీద ఇంత గౌరవం ఉన్న అధికారి మరొకరు దొరకరని శాఖ సంబరపడింది. అందుచేత పొయ్యి వేడి అంటే పొయ్యికీ పిల్లికీ మధ్య దూరమని నిర్ణయించి, కొలతలు కూడా ఖరారు చేశారు. పాలు కాగడానికి జానెడు వేడి చాలు. ఇడ్లీకి మూరెడు. పెసరట్టుకి రెండు మూరలు. బూరెల మూకుడికి బారెడు. పిల్లి పొయ్యిలోనే ఉంటే సున్నా. టేపు పట్టుకోవడానికి పెంకే వీరభద్రం అనే సహాయకుణ్ణి ఇచ్చారు. వీరభద్రం పొయ్యి దగ్గర ఒక కొస, అధికారి తోక దగ్గర ఒక కొస పెట్టి, కనిపించిన అంకె గట్టిగా చదివేవాడు. తోక ఆడుతున్నప్పుడు సగటు తీసేవాడు.

పద్ధతి అద్భుతంగా పనిచేసింది. మార్జాలరావు గారు బస్టాండు దగ్గరికి రానంతకాలం.

బస్టాండు ప్రహరీకి ఆనుకుని మేడిశెట్టి నూకరత్నం పెసరట్ల హోటలు ఉంది. హోటలంటే నాలుగు బల్లలు, రెండు తాటాకు పందిళ్ళు, ఒక పొయ్యి. పందిళ్ళు గాలికి పోయినా, బల్లలు కుంటివయినా ఆవిడ పట్టించుకోదు గాని పొయ్యిని మాత్రం కన్నకూతురిలా చూసుకునేది. రోజూ పేడా మట్టీ కలిపి అలికేది. సరుగుడు కట్టె తప్ప వేరే కట్టె మూతికి పెట్టేది కాదు. సరుగుడు బూడిద తెల్లగా, మెత్తగా, దూదిలా ఉంటుంది. తనిఖీకి వచ్చిన మార్జాలరావు గారు, ఇంకా అంటించని ఆ పొయ్యిలో ఒక పాదం పెట్టి చూశారు. రెండో పాదం పెట్టారు. మిగిలిన రెండూ వాటంతట అవే వచ్చేశాయి. మూడుసార్లు గుండ్రంగా తిరిగి, తోకని ముక్కు కిందికి మడుచుకుని పడుకున్నారు. వీరభద్రం టేపు తీయబోయి, అవసరం లేదని మళ్ళీ జేబులో పెట్టుకుని, సున్నా అని చదివాడు.

మర్నాడూ సున్నా. ఆ మర్నాడూ సున్నా.

విధి నిర్వహణలో ఉన్న అధికారిని కదిలించడం నేరం. అధికారి కూర్చున్న చోట నిప్పు పెట్టడం ఎంత నేరమో చట్టంలో రాయలేదు గాని, అది రాయనవసరం లేనంత నేరమని అందరూ ఒప్పుకున్నారు. నూకరత్నానికి అంతకంటే పెద్ద మంట ఇంకొకటుంది. బస్టాండు స్థలాల నిబంధన ప్రకారం, ఆషాఢం వెళ్ళేదాకా ఏ పొయ్యి కొలత సున్నా దాటదో ఆ పొయ్యిని పాడుబడ్డ పొయ్యిగా లెక్కేసి, స్థలాన్ని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ స్థలం మీద బేకరీ గంగరాజు ఎప్పటినుంచో కన్నేసి ఉంచాడు. ఆయన రోజూ వచ్చి, పందిట్లో కూర్చుని, పెసరట్టు అడక్కుండా అధికారి నిద్ర ఎలా ఉందని అడిగి వెళ్ళేవాడు. స్థలం పోతే నూకరత్నానికి వెనక ఇల్లూ లేదు, ముందు దారీ లేదు. పొయ్యి పోయిందంటే ఆవిడ బతుకే పోయి కూర్చున్నట్టు.

ఆవిడ ముందుగా వీరభద్రాన్ని బతిమాలింది.

"తమ్ముడూ, మీ సార్ని ఒక్కపాలి లేపి, అటు ఆ గట్టు మీద కూకోబెట్టవా. పప్పు పులిసిపోతంది."

"లేపకూడదక్కా. సారు డ్యూటీలో ఉన్నారు."

"నిద్రోతన్నారు కదయ్యా."

"అదేనండి డ్యూటీ. మెలకువొస్తే లీవు పెట్టాలి."

నూకరత్నం సాయంత్రం నెత్తళ్ళ చేపలు వేయించి, ఆకులో పెట్టి, పొయ్యికి నాలుగు బారల దూరంలో ఉంచింది. వాసనకి అధికారి ముక్కు కదిలింది, మీసం కదిలింది, ఒక చెవి కూడా కదిలింది. మిగతా శరీరం కదిలేలోపు వీరభద్రం ఆకుని స్వాధీనం చేసుకుని, ఇది అధికారికి ప్రలోభం కిందికి వస్తుందని చెప్పి సాక్ష్యంగా భద్రపరిచాడు. సాక్ష్యం వేడిగా ఉండగానే పరిశీలించడం మంచిదని దాన్ని అక్కడికక్కడే పరిశీలించాడు. ఉప్పు కొంచెం ఎక్కువైందన్నది ఆయన పరిశీలన.

తరవాత ఆవిడ, అధికారి మీద విచారణ జరపాలని నిఘా శాఖకి అర్జీ పెట్టుకుంది. నిఘా శాఖలో అప్పటికే ఒక కుక్కని వేసి ఉన్నారు. కుక్కగారు నిక్కచ్చి మనిషని, పోస్టులో చేరినప్పటినుంచి ఎవరినీ మొహం చూసి వదల్లేదని పేరు. వచ్చారు. పొయ్యి చుట్టూ వాసన చూశారు. మార్జాలరావు గారు ఒక కన్ను తెరిచారు. ఇద్దరూ ఒకే బ్యాచిలో శిక్షణ పొందినవాళ్ళని అప్పుడు బయటపడింది. కుక్కగారు కూడా పొయ్యిలోకి దిగి, పాత స్నేహితుడి వీపు మీద గడ్డం ఆన్చి నిద్రపోయారు. ఒక అధికారి ఉంటే సున్నా అయినప్పుడు ఇద్దరుంటే ఎంతన్న సందేహం వచ్చి, వీరభద్రం పైవాళ్ళని సంప్రదించి, సున్నాకి దిగువ అని చదివాడు. కుక్కగారు మర్నాడు వెళ్ళిపోయారు గాని, ఆ కొలత మాత్రం నూకరత్నం నెత్తి మీదే ఉండిపోయింది.

ఆషాఢం సగానికి వచ్చింది. ఆవిడ రుబ్బిన పిండి రోజూ కాలవలో చేపలకి వేస్తోంది. రోజూ తినేవాళ్ళు మొహమాటంగా ఎదురు గోడ పక్కనుంచి వెళ్తున్నారు. గంగరాజు ఒకనాడు టేపు తెచ్చి స్థలం పొడుగు కొలుచుకున్నాడు. ఏమిటని అడిగితే, ఊరికే, అలవాటు చేసుకుంటున్నానన్నాడు.

చివరికి నూకరత్నం తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళింది. తహసీల్దారు కృపావరం గారు సీట్లో లేరు. ఇప్పుడే వెళ్ళారన్నారు. కుర్చీ వీపు మీద తెల్లటి టర్కీ టవలు మడత చెదరకుండా ఉంది కాబట్టి వచ్చేస్తారన్నారు. ఆవిడ వరండాలో కూర్చుంది. మర్నాడు వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. పొద్దుపోయేదాకా కూర్చునేది. పని లేని మనిషికి చూపు ఎక్కువ పనిచేస్తుంది. చూడగా చూడగా ఆవిడకి ఒక సంగతి కనిపించింది. పేరుపలకా, పిలిచే గంటా, టవలూ ఉన్న ప్రతి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీల వాళ్ళంతా వరండా బెంచీల మీదా, జీపులోనూ, వెనక రికార్డుల గదిలో కట్టల మీదా హాయిగా నిద్రపోతున్నారు. వాటి మీద పేరుపలకలు లేవు. టవళ్ళూ లేవు.

ఆవిడ ఇంటికి నడుస్తూ దారంతా ఆలోచించింది. మనిషికైనా పిల్లికైనా పడక పడకే, సీటు సీటే. పడకలోంచి అధికారిని లేపడం ఎవరి తరమూ కాదు. సీట్లో కూర్చోబెట్టడమూ ఎవరి తరమూ కాదు.

మర్నాడు పాత అర్జీ వెనక్కి తీసుకుని కొత్త అర్జీ పెట్టింది. అందులో తన బాధ ఒక్క ముక్క లేదు. శ్రీ బూడిద మార్జాలరావు గారంతటి అధికారి మా పొయ్యిలో ఉత్త బూడిద మీద, ఏ వసతీ లేకుండా ప్రజాసేవ చేయడం చూడలేక కళ్ళనీళ్ళు వస్తున్నాయనీ, కాబట్టి ఆ పొయ్యిని వారి శాశ్వత కార్యాలయంగా ప్రకటించి, పలకా గంటా టవలూ మంజూరు చేయాలనీ, ఖర్చు నాదేననీ రాయించింది. జనానికి కావలసింది అడిగిన అర్జీ అయితే అది ఎక్కడి బల్ల మీద అక్కడే నిద్రపోయేది. ఇది అధికారికి కావలసింది. అందుచేత అదే మధ్యాహ్నం, సీట్లో లేని కృపావరం గారి సంతకంతో ఉత్తర్వు వచ్చేసింది.

పలక రాసే ఆయన దగ్గర నీలం రంగు మీద తెల్ల అక్షరాలతో పలక రాయించారు. పొయ్యి నెత్తిన వేలాడదీశారు. గట్టు మీద ఇత్తడి గంట పెట్టారు. పొయ్యి వెనక గోడకి మేకు కొట్టి, అంచుకి ఎర్రగీత ఉన్న కొత్త టర్కీ టవలు తగిలించారు. నూకరత్నం ముందే చెప్పి ఉంచిన ఇద్దరు మనుషులు చేతుల్లో అర్జీలతో వచ్చి, పొయ్యి ముందు వరసగా నిలబడి, ఒకడు వినయంగా దగ్గాడు.

మార్జాలరావు గారు ఒక కన్ను తెరిచారు. పలకని చూశారు. గంటని చూశారు. టవలు వైపు చాలాసేపు చూశారు. తరవాత అర్జీలు పట్టుకున్న వాళ్ళని చూశారు. రెండో కన్ను కూడా తెరిచారు. ఉద్యోగంలో చేరాక ఆయన రెండు కళ్ళూ ఒకేసారి తెరవడం అదే మొదలని వీరభద్రం తరవాత చెప్పాడు. లేచి, వీపు విల్లులా వంచి ఒళ్ళు విరుచుకుని, బూడిద దులుపుకుని, గట్టు దిగి, బస్టాండు దాటి, వెనక్కి చూడకుండా రోడ్డు మలుపు తిరిగిపోయారు.

"సారెక్కడికి తమ్ముడూ?"

"క్యాంపండి," అన్నాడు వీరభద్రం, ఆయనా రుమాలు దులుపుకుంటూ. "వచ్చేస్తారు. టవలుంది కదా."

నూకరత్నం పొయ్యి అంటించింది. సరుగుడు కట్టె చిటపటమని అందుకుంది. పెనం మీద నీళ్ళు చల్లితే ముత్యాల్లా దొర్లాయి. మొదటి పెసరట్టు తిరగేసేసరికి అల్లం, ఉల్లి, జీలకర్ర వాసన బస్టాండంతా పాకి, కదిలిన బస్సులోంచి ఇద్దరు దిగిపోయారు. గోడ పక్కనుంచి వెళ్ళేవాళ్ళు గోడ వదిలేసి వచ్చారు. పొద్దు తిరిగేసరికి పందిట్లో నిలబడ్డానికి చోటు లేదు. బేకరీ గంగరాజు కూడా వచ్చి, స్థలం సంగతి ఎత్తకుండా, రెండు తిని, మూడోది ఉప్మాతో కట్టివ్వమన్నాడు. ఆవిడ కట్టిచ్చింది. కారప్పొడి ఒక చిటికెడు ఎక్కువే వేసి కట్టిచ్చింది.

ఇక కొలత సంగతి. పొయ్యి వేడి అంటే పొయ్యికీ పిల్లికీ మధ్య దూరం కాబట్టి, వీరభద్రం టేపు పట్టుకుని అధికారిని వెతుక్కుంటూ బయల్దేరాడు. టేపు బస్టాండు దగ్గరే అయిపోయింది. జీపు తీశారు. మండలం తూర్పు కొసన సముద్రపు రేవులో, చేపల బుట్టల మధ్య, ఏ పలకా లేని ఒక పాత పడవలో మార్జాలరావు గారు నిద్రపోతూ కనిపించారు. అక్కడినుంచి నూకరత్నం పొయ్యికి రెండు కోసుల దూరం. అంతవరకు పొయ్యి వేడిని జానల్లో, మూరల్లో చదివినవాళ్ళే గాని కోసుల్లో చదివినవాళ్ళు లేరు. వీరభద్రం గొంతు సవరించుకుని, రెండు కోసుల వేడి, అని చదివాడు. జిల్లా అంతా ఆ అంకె మారుమోగింది.

ఈ వార్త విని మండలంలో అంతకుముందు తనిఖీల్లో సున్నా పడ్డ పొయ్యిలవాళ్ళందరూ నూకరత్నం దగ్గరికి వచ్చారు. ఆవిడ అర్జీ ఎలా రాయాలో, టవలు ఎంత ఎత్తున కట్టాలో ఓపిగ్గా చెప్పి, ఒక్కొక్కరికీ కాఫీ పోసి పంపింది. కొద్దిరోజుల్లోనే ఊరూరా, ఇంటింటా, పొయ్యి మీద నీలం పలక వెలిసింది. ఒక్క అధికారికి అన్ని కార్యాలయాలు ఎలా ఉంటాయని ఎవరో పై ఊరి మనిషి అడిగితే, ఏ ఒక్కదాంట్లోనూ లేనప్పుడు ఎన్ని ఉంటే ఏమని కృపావరం గారు సమాధానమిచ్చారు. మార్జాలరావు గారు పడవ వదల్లేదు. పొయ్యిలన్నీ ఆయనకి కోసుల దూరంలో ఉండిపోయాయి. ఆ విధంగా కొత్తలంకపాలెం మండలంలో సున్నా అనేదే లేకుండా పోయింది.

కొలత కచ్చితమైనది కావడంవల్ల, దానికి వ్యతిరేకంగా ఉన్నవన్నీ క్రమంగా సర్దుకున్నాయి. నూకరత్నం హోటల్లో ఒక కండక్టరు కాఫీ చల్లగా ఉందని గొడవ చేశాడు. ఆవిడ గోడకి తగిలించిన శాఖవారి ధ్రువపత్రం చూపించింది. రెండు కోసుల వేడి మీద కాచిన కాఫీ అని చదువుకుని, అతను మళ్ళీ ఒక గుక్క తాగి, నాలుక కాల్చుకుని, క్షమించమని వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి ఎవరూ ధ్రువపత్రం చదవకుండా గ్లాసు ముట్టుకోలేదు. ఆషాఢం వెళ్ళింది. స్థలం నూకరత్నం పేరనే ఖాయమైంది. శ్రావణంలో మండలానికి జిల్లా ప్రథమ బహుమతి ప్రకటించారు, మండలంలోకెల్లా అత్యంత వేడి పొయ్యికి వెండి పతకం ప్రకటించారు.

పతకం ఏ పొయ్యికన్నది లెక్క వేయడం సులువే. పడవకి అన్నిటికన్నా దూరంగా ఉన్న పొయ్యి ఏదైతే అదే. మండలం పడమటి కొసన, కాలవగట్టు చిట్టచివర, సత్తెమ్మ అనే కూలిమనిషి గుడిసె ఉంది. రేవునుంచి అక్కడికి సరిగ్గా ఆమడ, అంటే నాలుగు కోసులు. ఆమడ వేడి పొయ్యి రాష్ట్రంలోనే మరొకటి లేదు.

మేళం పెట్టుకుని, రెండు జీపులూ ఒక ట్రాక్టరూ కట్టుకుని అందరూ కాలవగట్టుకి వెళ్ళారు. కృపావరం గారు పతకం పట్టుకున్నారు. గంగరాజు పూలదండ పట్టుకున్నాడు. అతిథులకి పులిహోర పొట్లాల బాధ్యత నూకరత్నానిది. బుట్ట నెత్తిన పెట్టుకుని, మేళం అడుగులో అడుగేస్తూ, దారి పొడుగునా జనం నమస్కారాలు అందుకుంటూ వెళ్ళింది. ఇదంతా ఆవిడ బుర్రలోంచి పుట్టిన పద్ధతేనని అందరికీ తెలుసు.

సత్తెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పొయ్యి గుడిసె బయట, చూరు కింద మూడు రాళ్ళు. దాని మీద నీలం పలక, పక్కన వెదురుకి చిరిగిన తువ్వాలు. నిబంధన ప్రకారం వచ్చినవాళ్ళంతా పొయ్యికి దూరంగా, చింతచెట్టు అవతలే ఆగిపోయారు. కృపావరం గారు చెమట తుడుచుకున్నారు. మేళగాళ్ళు డోలుకి చర్మం వదులవుతోందని ఇంకా వెనక్కి జరిగారు. గంగరాజు ముందుకు రెండడుగులు వేసి, చేతిలో దండ వాడిపోతోందని గబగబా వెనక్కి వచ్చాడు.

పతకం ఇచ్చేముందు పొయ్యి వేడిని ఒక పౌరుడు చేత్తో ధ్రువీకరించాలి. అది మామూలు లాంఛనమే. కృపావరం గారు అటూ ఇటూ చూసి నూకరత్నాన్ని పిలిచారు.

"నువ్వు రోజూ నిప్పు దగ్గరుండే మనిషివమ్మా. ఒక్క మాట చెప్పు, రాసేసుకుంటాం."

నూకరత్నం బుట్ట దించి, ముందుకు నడిచింది. వంగి, చెయ్యి పొయ్యిలో పెట్టింది. బూడిద చల్లగా ఉంది. తెల్లవారుజామున ఏటి ఇసక ఎలా ఉంటుందో అలా ఉంది. అడుగున తడి కూడా ఉంది. ఆ పొయ్యిలో నిప్పు పడి ఎన్నాళ్ళయిందో రోజూ పొయ్యి అలికే చేతికి ఇట్టే తెలిసిపోయింది. పక్కన బోర్లించిన కుండకి కింద మసి కూడా లేదు, పైన సాలెగూడు ఉంది. ఆవిడ తలెత్తి సత్తెమ్మని చూసింది. సత్తెమ్మ ఆవిడనే చూస్తోంది. గుమ్మం లోపల పిల్లలు వరసగా కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. సభ అంటే భోజనాలుంటాయని వాళ్ళకెవరో చెప్పినట్టుంది.

ఈ పొయ్యి చల్లగా ఉందంటే ఆమడ అబద్ధం. ఆమడ అబద్ధమైతే కోసు అబద్ధం. కోసు అబద్ధమైతే బస్టాండు ప్రహరీ పక్కనున్న పొయ్యి ధ్రువపత్రం ఉత్త కాగితం. ఆ లెక్క నూకరత్నానికి ఎవరూ నేర్పనవసరం లేదు, అది ఆవిడ వేసిన లెక్కే. చింతచెట్టు కింద గంగరాజు ఆవిడ నోటివంకే చూస్తున్నాడు.

నూకరత్నం చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని, వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది.

"బాబోయ్, కాలిపోతందండి," అంది.

చప్పట్లు మోగాయి. మేళం అందుకుంది. ఆవిడ చెయ్యి దించి చూసుకుంది. నాలుగు వేళ్ళ కొసలూ ఎర్రగా కంది ఉన్నాయి, చూపుడువేలు మీద బొబ్బ లేస్తోంది. ఎవరో వెన్న తెచ్చి రాసి కట్టు కట్టారు. అంత నొప్పిలోనూ ఆవిడకి ఒక విధమైన కుదురు కలిగింది. అబద్ధం చెప్పలేదు కదా.

కృపావరం గారు పతకాన్ని పొడుగాటి వెదురు కొసకి కట్టి, దూరం నుంచే పొయ్యి రాయి మీద పెట్టించారు. పులిహోర పొట్లాలు అతిథులందరికీ పంచారు. ఒక పొట్లం మిగిలితే నూకరత్నం దాన్ని గుడిసె వైపు పట్టుకెళ్ళబోయింది. ఆమడ వేడి పొయ్యి ఉన్న ఇంటికి బయటి తిండి పెడితే ఆ ఇంటిని అవమానించినట్టవుతుందని కృపావరం గారు మెత్తగా చెప్పారు. ఆ మాట నిజమేనా అన్నట్టు నూకరత్నం సత్తెమ్మ వైపు చూసింది.

"వద్దులెండమ్మా," అంది సత్తెమ్మ. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, పొయ్యికి దూరంగా, వేడికి మొహం పక్కకి తిప్పుకుని నిలబడి ఉంది. "ఇంటోనే వండుకుంటాను. ఇప్పుడింత సెగ మీద ఎసరెడితే అన్నం మాడిపోద్దండి. కాస్త చల్లారనీండి."

అది సబబుగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు. జీపులు కదిలాయి, మేళం కదిలింది, నూకరత్నం కట్టు కట్టిన చెయ్యి ఎత్తి జనానికి నమస్కారం పెడుతూ ట్రాక్టరెక్కింది. గట్టు మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. సత్తెమ్మ గుమ్మంలో పిల్లలు ఖాళీ కంచాలు రెండు చేతులా పట్టుకుని, మూతులు కాల్చుకోకుండా, ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటున్నారు.